బైపీసీ చదవని వాళ్ల జీవశాస్త్రం

పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే మన పిల్లల్లో ఎవరు జీవశాస్త్రంతో ఉంటారో, ఎవరు దానికి దండం పెట్టి వెళ్లిపోతారో తేలిపోతుంది. బైపీసీలో చేరినవాళ్లు డాక్టరు చదువు వైపో, అగ్రికల్చర్ బీఎస్సీ వైపో, నర్సింగు వైపో చూస్తారు. ఎంపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్‌ఈసీల్లో చేరినవాళ్లకు గుండె బొమ్మ గీసి భాగాలు గుర్తించడం ఆ పబ్లిక్ పరీక్షతోనే ఆఖరు. తర్వాత వాళ్లు పిల్లలకు టీకాలు వేయిస్తారు. అమ్మానాన్నల షుగరు రిపోర్టులు పట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరుగుతారు. చేనుకు ఏ మందు కొట్టాలో అంగడివాడిని అడుగుతారు. బ్యాంకులో కూర్చుని పాడిపశువుల లోన్లు మంజూరు చేస్తారు. విలేకరులవుతారు, సచివాలయాల్లో ఉద్యోగులవుతారు, సర్పంచులవుతారు. ఒంటి గురించీ పంట గురించీ పశువు గురించీ అడవి గురించీ ఊళ్లో రోజూ జరిగే నిర్ణయాల్లో ఎక్కువ భాగం వాళ్ల చేతుల మీదుగానే నడుస్తాయి.

ఈ పుస్తకం వాళ్ల కోసం. రాసిన అమ్మాయి నా శిష్యురాలు. బీఎస్సీలో నా దగ్గర జంతుశాస్త్రం చదువుకుంది, పై చదువులు పూర్తిచేసి తానూ అధ్యాపకురాలైంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో బీఏ, బీకాం విద్యార్థులకు జీవశాస్త్ర పరిచయం చెప్పింది. ఆ పాఠాలే ఇప్పుడు పుస్తకంగా వస్తున్నాయి. ముందుమాట రాయమని రాతప్రతి ఇచ్చి వెళ్లింది. ఆశీర్వచనంగా నాలుగు వాక్యాలు రాసినా ఆమె సంతోషించేదే. చదివాక నాకే అంతటితో వదలబుద్ధి కాలేదు. జీవితమంతా బైపీసీ పిల్లలకూ బీఎస్సీ పిల్లలకూ పాఠం చెప్పినవాణ్ణి. ఇలాంటి పుస్తకం మన పడమటి మండలాల నుంచి రావడం ఎందుకు గొప్ప విషయమో వివరంగా చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

సైన్సు గ్రూపు తీసుకోని వాళ్లకూ సైన్సు చెప్పాలన్న ఆలోచన మన కాలేజీలకు కొత్త కాదు. ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే పర్యావరణ విద్యను బడుల్లో, కళాశాలల్లో తప్పనిసరి చేయాలంది. దాని వెనకే కొన్నేళ్లకు యూజీసీ డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పర్యావరణ అధ్యయనం పాఠ్యప్రణాళిక తెచ్చింది. 2022 డిసెంబరులో ప్రకటించిన కొత్త చట్రంలో, ప్రతి విద్యార్థీ తన ప్రధాన విషయానికి బయట మూడు పరిచయ కోర్సులు చదవాలంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాక బీకాం పిల్లవాడి టైంటేబుల్లో జీవశాస్త్రానికి చోటు దొరికింది.

దొరికిన చోటును ఏం పెట్టి నింపాలన్న దగ్గరే చిక్కంతా. ఎక్కువ చోట్ల రెండు దారులే కనిపిస్తాయి. ఇంటర్ బైపీసీ పుస్తకాన్ని సగానికి కుదించి, పేర్లూ వర్గీకరణలూ మిగిల్చి, వాటి వెనకున్న ఆలోచన తీసేయడం ఒకటి. ఏ విటమిన్ లోపిస్తే ఏ జబ్బు, అతిపెద్ద గ్రంథి ఏది అంటూ పోటీ పరీక్షల బిట్లుగా మార్చేయడం రెండోది. మొదటిదాంట్లో విద్యార్థికి తాను ఓడిపోయిన చోటికే మళ్లీ తీసుకొచ్చారనిపిస్తుంది. రెండోదాంట్లో అన్నీ తెలిసినట్టే ఉంటుంది, ఒక్క విషయం మీదా సొంతంగా ఆలోచించడం రాదు. పరీక్ష ముందు రాత్రి గైడు తిరగేసి, మార్కులు తెచ్చుకుని, మర్చిపోతారు.

మా అమ్మాయి మూడో దారి వెతికింది. ప్రతి అధ్యాయంలోనూ రెండే ప్రశ్నలు పట్టుకుంది. ఇది ఎలా పనిచేస్తుంది? ఇలా పనిచేస్తుందని మనకెలా తెలిసింది? మొదటి ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. రెండోది అడిగే పుస్తకాలు తెలుగులో తక్కువ. వైద్యుడు కాబోయేవాడికి మొదటి ప్రశ్న ఎంత ముఖ్యమో, వైద్యుడు కాని వాడికి రెండోది అంత ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. వాట్సాప్‌లో వచ్చిన వైద్యం నమ్మాలా వద్దా అని తేల్చుకోవాల్సింది అతనే కదా.

ఈ పనికి మదనపల్లెలో పాత పునాది ఉంది. 1915లో ఇక్కడ బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల పుట్టింది. 1919లో రవీంద్రుడు వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడేనన్న సంగతి ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. ఆ కళాశాలకు తన పేరిచ్చిన అనిబిసెంట్ తానే ఒకప్పుడు జీవశాస్త్రం కోసం తలుపులు తట్టిన బయటి విద్యార్థి అన్న సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు. భర్త నుంచి విడిపోయిన ఇద్దరు పిల్లల తల్లి ఆమె. ముప్పై దాటిన వయసులో లండన్‌లో సైన్సు పరీక్షలకు కూర్చుంది. నాస్తికురాలన్న ముద్ర ఉండటం వల్ల 1883లో యూనివర్సిటీ కాలేజీ వాళ్లు ఆమెను వృక్షశాస్త్రం క్లాసులో చేర్చుకోలేదు. రీజెంట్స్ పార్కులోని వృక్షశాస్త్ర ఉద్యానంలో మొక్కలు చూసి చదువుకుంటానంటే అక్కడా కాదన్నారు. ఆమె ఆగలేదు. హాల్ ఆఫ్ సైన్స్ అనే చోట పగలంతా పనిచేసి వచ్చే కూలీలకు, గుమాస్తాలకు రాత్రిపూట సైన్సు పాఠాలు చెప్పినవాళ్లలో ఆమె ఒకతె. మన ఊరి కాలేజీ వ్యవస్థాపకురాలు స్వయంగా సైన్సు డిగ్రీ లేని వాళ్లకు సైన్సు చెప్పిన మనిషి. ఈ పుస్తకంలో ఆ కథ పీఠికలా ముందు రావడం నాకెంతో నచ్చింది. బిసెంట్ కన్నా ముందే, 1868లో థామస్ హక్స్‌లీ నార్విచ్ పట్టణంలో శ్రామికుల ముందు నిలబడి ఒక సుద్దముక్కతో మొదలుపెట్టి భూమి చరిత్రంతా చెప్పాడు. మన దగ్గర 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి జీవశాస్త్రాన్ని తెలుగులో మామూలు పాఠకుడికి అందించింది. ఆ వరుసలో చోటు అడిగే అర్హత ఈ పుస్తకానికి ఉంది.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించిన అధ్యాయం ఆరోగ్యవరం గురించి. మదనపల్లె పక్కనే, 1912-15 మధ్య రూపుదిద్దుకున్న క్షయ శానిటోరియం అది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ తొలినాళ్లలో దాన్ని నడిపాడు. మందులు లేని ఆ రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, వీటితోనే చికిత్స. దక్షిణ దేశమంతటి నుంచీ రోగులు వచ్చేవారు. మన ప్రాంతంలో పెద్దవాళ్లకు ఆరోగ్యవరం అంటే ఇప్పటికీ మొదట గుర్తొచ్చేది ఆ జబ్బే. కానీ ప్రపంచ వైద్యశాస్త్ర చరిత్రలో మదనపల్లె పేరు నిలిచింది శానిటోరియం గదుల వల్ల కాదు, చుట్టుపక్కల పల్లెల వల్ల. అది మన పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

బీసీజీ టీకా కథ కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలతో మొదలవుతుంది. పశువుల్లో క్షయ కలిగించే సూక్ష్మజీవిని తీసుకుని, 1908 నుంచి పదమూడేళ్ల పాటు ప్రయోగశాలలో మళ్లీ మళ్లీ పెంచుతూ, జబ్బు కలిగించే బలం పోయేదాకా నడిపించారు. 1921లో మొదటిసారి ఒక శిశువుకు ఇచ్చారు. టీకా తయారైంది సరే. మన పల్లెల్లో మన మనుషుల్ని అది కాపాడుతుందా? ఆ ప్రశ్నకు 1950 వరకు ఇక్కడ సరైన జవాబు లేదు. ఆరోగ్యవరంలో జోహన్నెస్ ఫ్రిమోట్ మోలర్ బృందం 1950 నుంచి 1955 వరకు చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగింది. చర్మం మీద ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేసి, అంతవరకు క్షయ క్రిమి సోకని వాళ్లను గుర్తించింది. వాళ్లను లాటరీ పద్ధతిన రెండు భాగాలు చేసి, ఒక భాగానికి టీకా వేసింది. రెండో భాగానికి వేయలేదు. అలా పది వేల మందికి పైగా మనుషుల్ని ఇరవై ఏళ్లకు దగ్గరగా గమనిస్తూ వచ్చారు.

ఈ చోట రచయిత్రి కథ ఆపి విద్యార్థుల్ని అడుగుతుంది. లాటరీ ఎందుకు? అడిగిన వాళ్లకు టీకా వేసి, అడగని వాళ్లను వదిలేస్తే పోయేదేముంది? బీకాం పిల్లలు శాంపిల్ అంటే ఏమిటో చదివే ఉంటారు. ముందుకొచ్చి టీకా వేయించుకునేవాడు బాగా తినేవాడో, రోడ్డు పక్క ఊరివాడో అయి ఉండొచ్చని, అప్పుడు జబ్బు రాకపోతే ఆ పుణ్యం టీకాదో తిండిదో తెలియదని వాళ్లంతట వాళ్లే చెప్పగలుగుతారు. తర్వాత ఇంకా కష్టమైన ప్రశ్న. సగం మందికి టీకా వేయకుండా వదిలేయడం న్యాయమా? టీకా పనిచేస్తుందో లేదో నిజంగా తెలియనప్పుడు న్యాయమేనా? తెలిసిన తర్వాత? దీనికి పుస్తకం చివర జవాబు ఇవ్వలేదు. క్లాసులో వాదించుకోమని వదిలేసింది. అది సరైన పని.

ఫలితం ఏమైంది? మొదటి ఏళ్లలో టీకా వేసుకున్న వాళ్లలో జబ్బు చెప్పుకోదగ్గంత తగ్గింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ తేడా సన్నగిల్లింది, చివరికి కొద్దిపాటి రక్షణే మిగిలింది. అదే 1950లో ఇంగ్లాండులో బడి వదిలే వయసు పిల్లల మీద మొదలుపెట్టిన ప్రయోగంలో మాత్రం బీసీజీ బ్రహ్మాండంగా పనిచేసింది, ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురికి జబ్బు రాకుండా ఆపింది. టీకా పేరు ఒకటే, దేశాలు రెండు, జవాబులూ రెండు! 1968లో మదరాసు దగ్గర చెంగల్పట్టులో ఇంకా పెద్ద ఎత్తున పరీక్షించారు. 1979లో ఫలితం ప్రకటిస్తే, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదని తేలింది. మన మట్టిలో, నీళ్లలో క్షయక్రిమికి దాయాదులైన హానిలేని సూక్ష్మజీవులు చాలా ఉంటాయి. చిన్నప్పటి నుంచీ వాటి స్పర్శతో ఒంటికి కొంత రక్షణ ముందే వచ్చి ఉండటం వల్ల టీకా కొత్తగా చేర్చేది తక్కువైందన్నది శాస్త్రవేత్తలు ఇచ్చిన వివరణల్లో ముఖ్యమైనది. మరి పుట్టిన బిడ్డకు ఇప్పటికీ బీసీజీ ఎందుకు వేస్తున్నారు? పసిపిల్లల్లో మెదడు పొరలకు పాకే క్షయను, ఒళ్లంతా పాకే క్షయను అది గట్టిగా ఆపుతుంది కాబట్టి.

టీకా పనిచేస్తుందా అని ఎవరైనా అడిగితే ఎవరికి, ఏ జబ్బుకు, ఏ ప్రాంతంలో, ఎన్నాళ్లకు అని తిరిగి అడగడం వచ్చిన పిల్లవాడు జీవశాస్త్రం నేర్చుకున్నట్టే. కోవిడ్ కాలంలో టీకాల మీద పుట్టిన పుకార్లు మనమంతా చూశాం. గుడ్డిగా నమ్మేవాడికీ గుడ్డిగా కాదనేవాడికీ లేనిది ఈ నాలుగు ప్రశ్నలే. వాటిని మన ఊరి చుట్టుపక్కల పల్లెల మనుషులే తమ శరీరాలతో ప్రపంచానికి నేర్పారని తెలిసినప్పుడు విద్యార్థికి కలిగే గౌరవం వేరు.

ఈ అధ్యాయం చివర ఇంకొక సంగతి ఉంది. 1959లో మదరాసు చేట్‌పట్‌లోని క్షయ చికిత్సా కేంద్రం నుంచి ఒక అధ్యయనం వచ్చింది. మందులు సక్రమంగా వాడితే, ఇరుకింట్లో పేదరికంలో ఉన్న రోగీ శానిటోరియంలో ఉన్న రోగీ దాదాపు సమానంగానే కోలుకుంటారని అది చూపింది. ప్రపంచమంతటా శానిటోరియాల అవసరం తగ్గిపోవడానికి అదొక పెద్ద కారణం. ఆరోగ్యవరం తర్వాత సాధారణ వైద్య కేంద్రంగా మారింది. తాను నమ్మిన పద్ధతి కన్నా మేలైనది ఉందని రుజువైతే సైన్సు దారి మార్చుకుంటుందని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు.

పుంగనూరు అధ్యాయం ఆవుతో మొదలవుతుంది. మొదలవకపోతేనే వింత. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు దేశమంతా చూశాక ఈ పేరు ఊరి పొలిమేర దాటిపోయింది. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోలు, పాలల్లో వెన్న దాదాపు 8 శాతం. మామూలు ఆవు పాలల్లో అది మూడు నాలుగు శాతమే. పుంగనూరు జమీందారులు పోషించిన ఈ జాతి, ఎక్కువ పాలిచ్చే జెర్సీ సంకరాలు వచ్చాక రైతు దొడ్డిలోంచి తప్పుకుంటూ వచ్చి అంతరించే దశకు చేరింది. పలమనేరు పశు పరిశోధనా కేంద్రంలో దాన్ని కాపాడుతున్నారు. 2020లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో మిషన్ పుంగనూరు మొదలై, పిండాలను ప్రయోగశాలలో తయారుచేసి వేరే ఆవుల గర్భంలో పెంచే పద్ధతినీ వాడుతున్నారు.

పత్రికల్లో ఇంతవరకు వస్తుంది. రచయిత్రి ఇక్కణ్ణుంచి ముందుకెళ్లింది. పొట్టిగా ఉన్న ప్రతి ఆవూ పుంగనూరు ఆవేనా? నగరాల్లో ఇళ్లలో ముచ్చటగా పెంచుకోవడానికి లక్షలు పోసి కొంటున్న వాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇది. కళ్లకు కనిపించే రూపం ఒకటి, లోపల తరతరాలుగా వచ్చే జన్యువుల కూర్పు ఇంకొకటి. రెండు వేరు జాతుల పొట్టి పశువుల్ని కలిపినా పొట్టి దూడ పుట్టొచ్చు. మిగిలిన కొద్ది ఆవుల్లోనే, దగ్గరి బంధువుల మధ్యే మళ్లీ మళ్లీ సంతానం కంటూ పోతే ఏమవుతుంది? మరుగున ఉన్న లోపాలు జంటగా కలిసి బయటపడతాయి, ఈనడం తగ్గుతుంది, దూడలు నిలవవు. అందుకే ఆవుల లెక్క పెరిగినంత మాత్రాన జాతి బతికినట్టు కాదు, వేరు వేరు వంశాలు ఎన్ని ఉన్నాయన్నది చూడాలి. మేనరికాల గురించి మన ఇళ్లలో మాట్లాడటానికి జంకే విషయాన్ని ఆమె ఈ సందర్భంలోనే, ఎవరినీ నొప్పించకుండా, ఎంతో మర్యాదగా ఎత్తింది. రాయలసీమ ఆడపిల్లలు కూర్చున్న క్లాసులో ఆ నాలుగు పేజీల విలువ ఇంతని చెప్పలేను.

పాఠం ఇక్కడితో ఆగకుండా వాణిజ్య విద్యార్థికి ఒక లెక్క కూడా ఇచ్చింది. రోజుకు మూడు నాలుగు లీటర్ల చిక్కటి పాలిచ్చే ఆవు, పదిహేను లీటర్లు పలచటి పాలిచ్చే ఆవు. మేత, నీళ్లు, వైద్యం ఖర్చు, కరువు ఏట తట్టుకునే శక్తి అన్నీ పెట్టి లాభనష్టాలు కట్టమంటుంది. జవాబు అందరికీ ఒకటే రాదు. వర్షాధారపు రైతుకొకటి, బోరున్న రైతుకొకటి వస్తుంది.

మదనపల్లె టమోటా గురించి పుస్తకంలో ఎక్కువే ఉంది, నేను కొద్దిగానే చెబుతాను. 2023 జులైలో కిలో వంద రూపాయలు దాటిన రోజుల్ని ఈ తరం పిల్లలు మర్చిపోరు, మండీ బయట పారబోసిన రోజుల్నీ మర్చిపోరు. ఈ ధరల వెనక ఎథిలీన్ అనే చిన్న వాయువు ఉందని, కోసిన తర్వాత కూడా కాయ ఊపిరి తీసుకుంటూ, ఆ వాయువును తానే పుట్టించుకుని పండుతుందని, అందుకే దూరపు లారీకి దోరకాయలు ఎక్కిస్తారని ఆమె చెప్పిన తీరు అర్థశాస్త్రం విద్యార్థిని కట్టిపడేస్తుంది. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ గురించీ, టమోటా పుట్టిల్లయిన దక్షిణ అమెరికాలోనే పుట్టి, 2014లో మన దేశానికి చేరి కాయను తొలిచే టూటా పురుగు గురించీ రాసింది. ఒకే మందును పదే పదే కొడితే చావని పురుగులే మిగిలి, వాటి సంతతే చేనంతా నిండుతుందన్నది ఆ పాఠానికి ఆయువుపట్టు. పరిణామ సిద్ధాంతం డార్విన్ ఓడ ప్రయాణంతోనే మొదలుపెట్టాలని ఎక్కడా లేదు.

అక్కడి నుంచి పట్టుపురుగుల షెడ్డులోకి తీసుకెళుతుంది. మదనపల్లె నుంచి కుప్పం దాకా మల్బరీ తోట లేని మండలం అరుదు. గుడ్డు నుంచి గూడు దాకా నాలుగు జ్వరాలు (పురుగు చర్మం విడిచే సమయాలు), అయిదు దశలు, కొద్ది వారాల్లోనే ఒక జీవి జీవితకథ కళ్లముందు జరిగిపోతుంది. ఇంతకన్నా మంచి ప్రాక్టికల్ ఏ ప్రయోగశాలలో దొరుకుతుంది? 1865లో ఫ్రాన్సులో పట్టు పరిశ్రమ పెబ్రిన్ రోగంతో కూలిపోతుంటే లూయీ పాశ్చర్‌ను పిలిచారు. ఆయన చూపిన మార్గం సులువైనది. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నలిపి సూక్ష్మదర్శినిలో చూడాలి, రోగబీజాలు కనిపిస్తే ఆ గుడ్లు కాల్చేయాలి. నేటికీ మన గుడ్ల కేంద్రాల్లో చేసేది ఆ పరీక్షే. రోగం లేని గుడ్లని ముద్ర వేసి రైతు చేతికి వచ్చే కాగితం వెనక పాశ్చర్ ఉన్నాడని పట్టు రైతు కొడుకు తెలుసుకోవాలి. రైతు తన గూళ్ల నుంచే మళ్లీ గుడ్లు ఎందుకు తీసుకోకూడదో, సంకరజాతి బలం రెండో తరానికి ఎందుకు చెదిరిపోతుందో కూడా వివరించింది. మెండెల్ సూత్రాలు మొక్కలకే పరిమితం కావని జపాన్ శాస్త్రవేత్త టొయామా 1906లో చూపింది ఈ పట్టుపురుగుల్లోనే.

కుప్పం భాగం ఏనుగులది. 1980ల్లో తమిళనాడు అడవుల నుంచి ఏనుగుల గుంపులు ఇటు వచ్చాయి. అంతకుముందు దాదాపు రెండు వందల ఏళ్లుగా ఈ అడవుల్లో ఏనుగులు లేవు. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పెద్ద ఏనుగు రోజుకు నూటయాభై కిలోల దాకా మేస్తుంది. ఎండాకాలం అడవిలో నీళ్లు తగ్గాక అంచున ఉన్న చెరుకు, అరటి, వరి మడి దాన్ని పిలుస్తాయి. రైతు రాత్రంతా కాపలా కాస్తాడు. కంచెలో కరెంటు పెడితే ఏనుగు చస్తుంది, పెట్టకపోతే పంట పోతుంది, ఒక్కోసారి మనిషి ప్రాణమే పోతుంది. ఈ అధ్యాయంలో రచయిత్రి ఎవరి పక్షమూ వహించదు, ఇద్దరి బాధా చూస్తుంది. ఏనుగుల గుంపును ఆడ ఏనుగు నడిపిస్తుందని, పెద్ద మగ ఏనుగులు ఒంటరిగా తిరుగుతాయని, పంట మీదికి తెగించి వచ్చేవి ఎక్కువగా మగవేనని రామన్ సుకుమార్ 1980ల్లో కర్ణాటక-తమిళనాడు సరిహద్దు అడవుల్లో చేసిన అధ్యయనం చూపింది. మంచి తిండితో బలిసిన మగ ఏనుగుకు జత దొరికే అవకాశం పెరుగుతుంది కాబట్టి ఆ తెగింపుకు జీవశాస్త్ర కారణం ఉందన్నది ఆయన వాదం. ఈ సంగతి తెలిసిన రాజనీతి శాస్త్ర విద్యార్థి, నష్టపరిహారం గురించి గానీ 2025లో కర్ణాటక నుంచి వచ్చిన, శిక్షణ పొందిన కుంకీ ఏనుగుల గురించి గానీ మాట్లాడితే ఆ మాటకు బరువుంటుంది. ఏనుగుల్ని తోలేస్తే చాలన్న మాటలో ఎంత పస ఉందో తానే తూచగలడు.

ఋషివ్యాలీ పక్షుల గురించి చిన్న అధ్యాయమే ఉంది. హార్సిలీ కొండల రాళ్ల మధ్య బతికే పసుపు గొంతు పిగిలిపిట్ట దక్షిణ భారతపు రాతికొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఉండదు. ఆ లోయలోని పక్షి అధ్యయన కేంద్రం, డిగ్రీతో పనిలేకుండా ఎవరైనా ఇంటి నుంచే పక్షుల గురించి చదువుకునే కోర్సు నడిపింది. ఈ అధ్యాయం ఇంకా పెద్దదిగా ఉంటే బాగుండేది.

పుస్తకం భాష గురించి ఒక మాట. కుప్పం క్లాసులో తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఇంటి భాషలే. ఆ పిల్లలందరికీ అందేలా ఆమె వాక్యాలు పొట్టిగా, రైతులు వాడే మాటలతో రాసింది. క్రోమోజోమ్‌ను క్రోమోజోమ్ అనే రాసింది, పరీక్షలోనూ ఆసుపత్రిలోనూ ఆ మాటే వినిపిస్తుంది కాబట్టి. సూక్ష్మదర్శిని లేని గదిలో చేయగల పనులు ప్రతి అధ్యాయం చివరా పెట్టింది. ఇడ్లీపిండి ఎన్ని గంటలకు ఎంత పొంగిందో చలికాలంలో, ఎండాకాలంలో కొలిచి గీత గీయమంటుంది. పిండిని పొంగించేది ఎక్కువగా బాక్టీరియాయేనని, బ్రెడ్డులో మాదిరి ఈస్టు కాదని ఆ తర్వాత చెబుతుంది. ముందు చూసి, తర్వాత పేరు తెలుసుకునే ఈ వరుస నాకెంతో ఇష్టం.

ఈ పాఠాలు చెప్పబోయే లెక్చరర్లకు నాదొక విన్నపం. దీనికి దయచేసి ఇంపార్టెంట్ ప్రశ్నల జాబితా తయారుచేయకండి. ప్రశ్నపత్రంలో సగం మార్కులైనా విద్యార్థి ఇంతకుముందు చూడని ఒక వార్తనో, ఒక ప్రకటననో ఇచ్చి, ఇందులో ఏది రుజువైంది, ఏది కాలేదు అని అడగండి. దిద్దడం కష్టమే. అయినా అడగండి.

చివరిగా, అమ్మా, పుస్తకంలో ఒక పెద్ద లోటు ఉంది. పాముకాటు అధ్యాయం లేదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. పోయేది ఎక్కువగా పల్లెవాళ్లే. మన చేలల్లో, కల్లాల్లో, కట్టెల మోపుల కింద ఉండే నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషం పనిచేసే తీరు వేరు వేరు. ఒకటి నరాల్ని పడుకోబెడుతుంది, ఇంకొకటి రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. కట్లపాము నిద్రలో కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు. నాలుగింటికీ కలిపి ఒకే విరుగుడు మందును గుర్రాల రక్తం నుంచి ఎలా తయారుచేస్తారో, దానికి కావాల్సిన విషాన్ని 1978లో మొదలైన ఇరుళర్ల సహకార సంఘం ఎలా సేకరిస్తుందో రాయి. గట్టిగా తాడు బిగించడం, గాటు పెట్టడం, పసరు పోయించడం ఎందుకు ప్రాణం మీదికి తెస్తాయో రాయి. ఆసుపత్రిలో ఇరవై నిమిషాలు గాజుగొట్టంలో రక్తం ఉంచి గడ్డకట్టిందో లేదో ఎందుకు చూస్తారో బొమ్మ వేసి చూపించు. రెండో కూర్పు నాటికి ఆ అధ్యాయం చేరాలి. రాసి పంపితే చదివి దిద్దిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను.